కడియం చప్పుడు

ధన్... ధన్... ధన్!

తూబా చేతిలోని టీ గ్లాసు జారి భళ్ళుమంది. మగ సుత్తి!

ఇరాన్‌లోని యజ్ద్ ఊళ్ళో పాత తలుపులకి రెండు రెక్కలు, తట్టడానికి రెక్కకొకటిగా రెండు ఇనుప పనిముట్లు. ఎడమ రెక్క మీది సుత్తి మగవాళ్ళది, బరువుగా మోగుతుంది. కుడి రెక్క మీది కడియం ఆడవాళ్ళది, గలగలమంటుంది. ఎవరొచ్చారో ఇల్లాలికి చప్పుడే చెబుతుంది.

"నేనొచ్చేదాకా సుత్తి మోగితే తియ్యకు. ఆ ఖుద్రత్‌గాడు గుండెలు తీసిన బంటు" అని మరీ మరీ చెప్పి మొగుడు బందర్ అబ్బాస్‌ రేవులో పనికి వెళ్ళాడు.

ఖుద్రత్ కూల్చివేతల కాంట్రాక్టరు. సందుని రోడ్డు చెయ్యడానికి రెండు పక్కలా మట్టి ఇళ్ళన్నీ నేలమట్టం చేశాడు. మిగిలింది ఇదొక్కటే. రేపు శుక్రవారం, సెలవు. అడ్డుపడే అధికారి ఉండడు కాబట్టి రేపే యంత్రం తెస్తాడట.

పొద్దున్నే వెనకింటి అఖ్తర్ మేడ మీంచి చల్లని కబురు చెప్పింది.

"పాత కట్టడాల ఆఫీసు నుంచి ఇంజనీరు వస్తోందే తూబా! ఇవాళ మధ్యాహ్నంలోపే. లోపలికొచ్చి చూసి, తలుపు మీద రక్షిత కట్టడమని రేకు కొట్టిందంటే ఇక ఈ ఇంటిని ఎవడూ ముట్టుకోలేడు. ఆడమనిషే, భయపడకు. కడియం మోగగానే పరిగెత్తు."

తీరా వచ్చింది వీడు!

ధన్! ధన్!

వంకర నడవ దాటి మాటలు లోపలికి రావు, చప్పుడొక్కటే వస్తుంది. బెదిరింపులు పడలేక ఫోను నిన్ననే ఆపేసింది. తూబా గడప లోపల ముడుచుకుని కూర్చుంది.

"కొట్టుకో, కొట్టుకో. చచ్చినా తియ్యను" అని గొణిగింది.

సుత్తి ఆగదే! ఒకటే బాదుడు. వీడిలా గుమ్మంలో తిష్ఠ వేస్తే ఆ ఇంజనీరమ్మ బెదిరి అట్నుంచటే పోదూ? ఆ ఊహకే తూబాకి ఏడుపొచ్చింది. చెవులు మూసుకుని, తెలిసిన ప్రార్థనలన్నీ చదివేసింది.

చివరికి సుత్తి ఆగింది. మసీదులో మధ్యాహ్నం బాంగు వినిపించింది.

అప్పుడు...

గల్... గల్... గల్.

"అమ్మయ్య! వచ్చావా తల్లీ!"

చాదర్ కూడా సరిగా కప్పుకోకుండా తూబా నడవలోకి పరిగెత్తింది. గడియ లాగి తలుపు బార్లా తీసింది.

ఎదురుగా ఖుద్రత్. మేకులతో సహా ఊడబీకిన కడియం చేత్తో పట్టుకుని తలుపు రెక్కకేసి ఆడిస్తున్నాడు. ఆమెని చూసి ఇకిలించాడు.

"పాపం, తలుపు మీద ఇది కనబడక ఇంజనీరమ్మ అంతసేపు సుత్తితో బాది బాది వెళ్ళిపోయింది, తియ్యలేదేం చెల్లెమ్మా?"