తప్పిన జవాబు

“కడియం నర్సరీలో మా ఆయన నవ్వుతూ నీ చెయ్యి పట్టుకోవడం నా కళ్లతో చూశాను,” అంది రామతులసి. డాక్టరైన తన భర్త పెద్దకర్మకు వచ్చిన లోవలక్ష్మిని చూడగానే ఇన్నేళ్లుగా అణచుకున్న కడుపుమంట పైకి తన్నుకొచ్చింది.

“ఏటా నన్ను చూడ్డానికి వచ్చేవారండి,” అంది లోవలక్ష్మి. “ చిన్నప్పుడు నాకు గుండెజబ్బు. ఆయన డాక్టరు చదువు పరీక్షలో చూడమని ఇచ్చిన రోగిని నేనే. ‘ఈ పిల్ల ఎన్నాళ్లు బతుకుతుంది?’ అనడిగారు పరీక్ష పెట్టిన పెద్ద డాక్టరు. ‘ఏడాది దాటదండీ’ అన్నారీయన, నా ఎదురుగానే. పాసైపోయారు.”

“మరి?”

“నేను చావలేదు కదండీ! ఏటా నాడి చూసి, ‘నా జవాబు తప్పేనమ్మా’ అని నవ్వేవారు. ఇక ఎవరొస్తారండీ?”

రామతులసి చెయ్యి చాచింది. నాడి ఎక్కడ చూడాలో ఆమెకు తెలియలేదు. లోవలక్ష్మే ఆ వేళ్లను తన మణికట్టు మీద సర్దింది.

“ఇప్పటికీ తప్పే,” అంది రామతులసి.