కంచం తిప్పిన చెయ్యి

మా ఆయన గున్నయ్య కొబ్బరిచెట్టు మీంచి పడ్డాక అతనికి ఎడమ పక్క చూపు పోయింది. కళ్ళు బాగానే ఉన్నాయనీ, మెదడులో చూపు నడిచే దారే తెగిందనీ డాక్టరు చెప్పాడు. అందుకే కంచంలో కుడి సగం తినేసి, అయిపోయిందని లేచిపోతాడు. నేను కంచం తిప్పి పెడితేనే మిగతా సగం కనిపిస్తుంది. ఆ పని నాది. ఇంకెవరినీ చెయ్యనివ్వను.

ఆ రోజు పొద్దు కుంకాక కరెంటు పోయింది. దీపం ముందు అన్నం పెట్టి, మజ్జిగ కోసం వంటింట్లోకి వెళ్లాను. ఇంట్లో మేమిద్దరమే, దూరంగా సముద్రం హోరు తప్ప ఇంకో చప్పుడు లేదు. తిరిగొచ్చేసరికి కంచం తిప్పి ఉంది. అతను ఎడమ పక్కకి ఒరిగి నవ్వుతున్నాడు. పెళ్ళైన కొత్తలో నాకోసం నవ్విన నవ్వు అది.

“ఎవుల్ని సూసి నవ్వుతన్నావు మావా?”

“నువ్వే కదేటి కంచం తిప్పినావు! నీ సేతులు ఎంత మెత్తగైపోనాయే దమయంతీ!”

నా చేతులు చూసుకున్నాను. పలాసలో జీడిపిక్కలు కొట్టీ కొట్టీ నల్లబడి, బండబారిన చేతులు.

ఒళ్ళు మండిపోయింది. వెళ్లి అతని ఎడమ పక్కనే కూర్చున్నాను. చాప అప్పటికే వెచ్చగా ఉంది. అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

విదిలించుకున్నాడు.

“ఎవులే నువ్వు?” అని వంటింటికేసి కేకేశాడు. “దమయంతీ! ఇలా రాయే!”

“వత్తన్నాను మావా,” అంది వంటింట్లోంచి ఒక గొంతు.

నాకంటే ముద్దుగా పిలిచింది.