ఎవరి పది వాళ్లదే

“వీటిలో ఇరవై రెండు చెల్లవు,” అంటూ సిటీ హాల్ క్లర్క్ ఫారాల కట్టను కౌంటర్ మీదుగా వెనక్కి తోసింది.

స్పందన ఆ కట్టను మళ్లీ ఒకసారి లెక్కపెట్టింది. అమెరికాలో రెడ్‌మండ్‌కి కాస్త దూరంలో ఉన్న ఆ చిన్న ఊళ్లో సిటీ కౌన్సిల్‌కి పోటీ చేయాలని మూడు నెలలుగా తిరుగుతోంది. ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. అభ్యర్థికి ఊరివాళ్లు నూట యాభై మంది తలా పది డాలర్లు ఇస్తే, ప్రచారానికి కావలసిన మిగతా డబ్బంతా సిటీయే ఇస్తుంది. ఎవరి పది వాళ్ల సొంత డబ్బే కావాలి. గడువు ఆ రోజు సాయంత్రం ఐదింటి వరకే. సిటీ డబ్బు రాకపోతే కరపత్రాలు వేయించే స్తోమత కూడా స్పందనకు లేదు.

తప్పంతా ఆ ఊళ్లోనే ఉండే తెలుగాయన ఆంజనేయప్రసాద్‌ది. పాపం, మంచి మనసుతో చేసిన తప్పు. మనవాళ్లు నలుగురు కలిసి హోటల్‌కి వెళితే బిల్లు కోసం కుస్తీ పట్టడం ఉన్నదే, ఆ కుస్తీలో ఆయన ఇంతవరకు ఓడిపోలేదు. పోయిన ఆదివారం పార్కులో పిక్నిక్‌కి వచ్చిన ఇరవై రెండు మందీ స్పందన కోసం పర్సులు తీస్తుంటే, నేనుండగా మీరిస్తారా అని అందరినీ తోసేసి మొత్తం తన కార్డు మీదే గీకేశాడు. స్పందన అప్పుడు పిల్లలతో ఫ్రిస్‌బీ ఆడుతోంది.

పక్క కౌంటర్‌లో తన కాగితాలేవో ఇచ్చి బయల్దేరబోతున్న కోటేశ్వరరావు ఆ అమ్మాయి ముఖం చూసి ఆగాడు. ఆయనకు అరవై దాటాయి. ఇరవై ఏళ్లుగా ఆ ఊళ్లోనే ఉంటున్నా, ఆయన డబ్బులిచ్చి కాఫీ తాగగా చూసినవాళ్లు లేరు.

ఏమైందమ్మా అని అడిగితే స్పందన జరిగినదంతా చెప్పింది.

“ఇంక నేను డ్రాప్ అయిపోతా, అంకుల్. టైమ్ లేదు.”

కోటేశ్వరరావు నిజంగానే కంగారుపడ్డాడు. “డ్రాప్ అవడమేంటమ్మా? ఒంటిగంటేగా అయింది. ఇరవై రెండు మందీ మనవాళ్లే, సగం మంది ఇంట్లోంచే పని. పద, నేను డ్రైవ్ చేస్తా.”

“మీరా?”

“నేనే. కారుకి గ్యాస్ కూడా నేనే కొట్టిస్తా.”

స్పందన ఆయన్ని అనుమానంగా చూసింది. అయినా ఆమెకు వేరే దారి లేదు.

మొదటి తలుపు కృష్ణకుమారిది. కోటేశ్వరరావు గుమ్మంలో నిలబడి ఈ అమ్మాయికి పది డాలర్లు ఇవ్వమనగానే ఆవిడ కళ్లజోడు సర్దుకుని మరీ ఆయన్ని చూసింది. తర్వాత నవ్వు మొదలుపెట్టి, ఫారం మీద సంతకం పెట్టేదాకా ఆపలేదు. రెండో ఇంట్లోనూ అదే నవ్వు. మూడో ఇంట్లో మొగుడూ పెళ్లాలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తలా పది ఇచ్చి, ఆయనతో ఫోటో కూడా దిగారు. కోటేశ్వరరావు ఏమీ అనుకోలేదు. ఓటు సంగతి తర్వాత, ముందు సంతకం పెట్టండని ఇంటింటా అదే పాట పాడాడు.

కారులో మాత్రం ఊరుకోలేదు. స్కూలు ముందు ట్రాఫిక్ సిగ్నల్ పెట్టిస్తానని నువ్వు చెప్పడం సులువే కానీ దానికి కౌంటీ వాళ్లు ఒప్పుకోవాలని దారిపొడుగునా వాదించాడు. స్పందన కూడా తగ్గలేదు, ఆ క్రాసింగ్ దగ్గర పోయిన ఏడు ఎన్ని యాక్సిడెంట్లయ్యాయో లెక్క చెప్పింది. ఆ లెక్క తనకు తెలియదని ఆయన ఒప్పుకున్నాడు. అప్పుడు ఆమెకు ఆయన మీద మొదటిసారి ఇష్టం కలిగింది.

ఆంజనేయప్రసాద్ ఇంట్లో పెద్ద గొడవే అయింది. కొడుకూ కోడలూ తమ పదులు తీస్తుంటే ఆయన మళ్లీ కార్డు పట్టుకుని వచ్చేశాడు. ఇంట్లోవాళ్ల దగ్గర కూడా విడివిడిగా వసూలు చేస్తే నలుగురూ ఏమనుకుంటారని ఆయన బాధ. కోటేశ్వరరావు ఆయన్ని గట్టిగా వాటేసుకుని, వాళ్లిద్దరి సంతకాలు అయ్యేదాకా వదల్లేదు.

నాలుగు నలభైకి ఇరవై ఒకటి అయ్యాయి. మిగిలింది ఫణి ఒక్కడే. అతను నోటు పట్టుకుని ఆఫీస్ పార్కింగ్ లాట్‌లోనే ఎదురుచూస్తున్నాడు. తీరా ఫారం చదివితే సిటిజన్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు మాత్రమే ఇవ్వాలని ఉంది. అతను హెచ్-వన్ వీసా మీద వచ్చి తొమ్మిదేళ్లయింది, గ్రీన్ కార్డు ఇంకా క్యూలోనే ఉంది. ఫణి ముఖం చిన్నబుచ్చుకుని నోటు జేబులో పెట్టుకున్నాడు.

సిటీ హాల్‌కి తిరిగి వచ్చేసరికి ఐదుకి ఎనిమిది నిమిషాలు. స్పందన మెట్ల మీద కూలబడింది. ఒక్కరి కోసం మూడు నెలల కష్టం పోతుంటే ఏడుపు ఆపుకోలేకపోయింది.

కోటేశ్వరరావు కాసేపు అటూ ఇటూ తిరిగాడు. గడియారం చూసుకున్నాడు. చివరికి పెద్దగా నిట్టూర్చి, పర్సు తీసి, అందులోంచి పది డాలర్ల నోటు బయటికి లాగి, ఆమె చేతిలో ఫారం తీసుకుని సంతకం పెట్టాడు.

క్లర్క్ ఫారం మీద పేరు చదివింది. తలెత్తి ఆయన్ని చూసింది. మళ్లీ పేరు చదివి, నవ్వు బిగబట్టుకుని ముద్ర వేసింది. స్పందనకు అర్హత వచ్చింది.

బయటికి రాగానే ఆమె కళ్లు తుడుచుకుంది. “నాకు ఇంత హెల్ప్ ఎందుకు చేశారు, అంకుల్? నేను పోటీలో ఉండటం అందరికన్నా మీకే అవసరం లేదు కదా.”

కోటేశ్వరరావు ఖాళీ అయిన పర్సు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“నాతో పోటీకి నువ్వు లేకపోతే సిటీ నాకూ డబ్బివ్వదు కదమ్మా.”