అవతలి కుండ

“వేరుపడి ఎన్నాళ్లయింది?” ఫైలు మీంచి తల ఎత్తకుండానే అడిగాడు అప్పీళ్లు వినే ఆఫీసరు శ్రీరామ్మూర్తి.

“ఆర్నెల్లయినాది బాబూ,” అన్నాడు తవిటయ్య.

గుమ్మం పక్కన నిలబడ్డ తమ్ముడు ఎల్లారావు అవునని తల ఊపాడు. ఇద్దరూ పద్మనాభం దగ్గరి పల్లె నుంచి విశాఖపట్నం వచ్చారు.

రెండు నెలల కిందటి తుపానుకి పంట పోయింది. ఐదెకరాల లోపు రైతులకే సాయం అంది సర్కారు. అన్నదే తడవు, ఎన్నో ఉమ్మడి కుటుంబాలు రాత్రికి రాత్రే వేరుపడి, పాత తేదీలతో పంపకాల కాగితాలు పట్టుకొచ్చాయి. కాగితం మీద గోడ కట్టడానికి ఇటుకలు అక్కర్లేదు కదా! వీళ్లదీ అలాంటి కాగితమేననీ, ఏడెకరాల ఉమ్మడి రైతులకి అర్హత లేదనీ కింది ఆఫీసు కొట్టేసింది.

“ఇత్తనాలు కూడా నేవు బాబూ. ఈ సాయం రాకపోతే మడి బీడే. ఉక్కు ఫేట్రీకెళ్లి మట్టి మొయ్యాల,” అన్నాడు తవిటయ్య.

శ్రీరామ్మూర్తి చెడ్డవాడు కాదు. కాని చెవిలో పువ్వు పెట్టబోతే ఊరుకోడు. అతని దగ్గర ఒక కిటుకుంది. తమ్ముణ్ణి వరండాలోకి పంపేశాడు.

“నిన్న మీ తమ్ముడింట్లో ఏం తిన్నారు?”

“ఏటి తింతారు బాబూ, గెంజే. పిల్లకి జొరం. అది తాగనేదని ఆడూ తాగనేదు.”

తర్వాత అన్నని బయటికి పంపి, తమ్ముణ్ణి పిలిచాడు.

“మీ అన్న ఇంట్లో?”

“సోడంబలి బాబూ. వదిన పిల్లలకి పోసీసినాది. మా అన్నకి అడుగున మిగిల్నదే.”

శ్రీరామ్మూర్తి నవ్వాడు. ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టాడు.

“వేరుపడ్డవాళ్లకి అవతలి కుండలో అడుగున ఎంత మిగిలిందో కూడా తెలుస్తుందటయ్యా? ఒకటే పొయ్యి, ఒకటే కుండ. ఇంకా నాకు కథలు చెబుతారా?”

తవిటయ్య నోరు తెరిచాడు. పక్కనే తమ్ముడున్నాడు. మూసేశాడు. ఎల్లారావు నేలచూపులు చూశాడు.

అప్పీలు కొట్టేశారు. పాపం, ఉన్నమాట చెబితే సరిపోయేది. ఒకడి ముందు ఒకడికి నోరు రాలేదు.

బయటికొచ్చి, బస్టాపులో ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు నిలబడ్డారు.

ఆర్నెల్ల కిందట పంపకాల దగ్గర కొట్టుకుని, నిజంగానే వేరుపడి, మాటలు మానేసిన ఆ అన్నదమ్ములు, గోడ అవతల ఏం తిన్నారో పెళ్లాన్ని పంపి కనుక్కోనిదే ఇంతవరకు ఒక్క పూటా ముద్ద ఎత్తలేదు.