ముంగిసకు అర్థంకాని దగ్గు

ఎండలకు అడవిలోని చెరువు ఎండిపోయి ఒక్క మడుగు మిగిలింది. దానికి ఒక్కొక్కరే దిగగలిగేంత ఇరుకు దారి. అందుకని జంతువులన్నీ పొద్దున్నే వరుసలో నిలబడేవి.

పక్క అడవి కాలిపోతే ఒంటరిగా పారిపోయి వచ్చిన ముంగిసకు ఈ సంగతి తెలియదు. నేరుగా వెళ్లి నీళ్లు తాగింది. వెనక జింక దగ్గింది. కుందేలు కూడా దగ్గింది. అడవిపంది గట్టిగా గొంతు సవరించుకుంది.

"ఒంట్లో బాగాలేదా?" అని ముంగిస ఆత్రంగా అడిగింది.

"అబ్బే, ఏం లేదండీ," అంది జింక, మొహం పక్కకు తిప్పుకుని.

మర్నాడూ అంతే. తను మడుగు దగ్గరికి వెళ్లగానే అందరికీ దగ్గు. వీళ్లకేదో జబ్బు పట్టుకుందని ముంగిస భయపడింది. తనవాళ్లు ఎలాగూ లేరు, వీళ్లు కూడా పోతే తనకింకెవరున్నారు? ఆ ఎండలోనే కొండెక్కి, కాళ్లు బొబ్బలెక్కేలా తిరిగి, మూడో రోజు పొద్దున నోటినిండా తులసాకులు తెచ్చింది. ఒక్కొక్కరి ముందూ రెండేసి ఆకులు పెట్టింది.

ఎవరూ తలెత్తలేదు. చివరికి ముసలి తాబేలు నోరు విప్పింది. "మాకు జబ్బేం లేదు నాయనా. నువ్వు వరుసలో రావడం లేదని కోపం."

"ఆ మాట మొదటి రోజే చెప్పొచ్చుగా?"

"మొహం మీద చెబితే బాగుండదని..." అని కుందేలు నసిగింది.

ముంగిస సిగ్గుపడి, వరుస చివర ఉన్న కుందేలు వెనక్కి వెళ్లి నిలబడింది. కుందేలు వెంటనే పక్కకు జరిగి, "పర్వాలేదు, మీరు ముందు వెళ్లండి," అంది.

నిజంగానే వెళ్లమంటోందో, వెళితే మళ్లీ కోపగించుకుంటుందో ముంగిసకు తెలియలేదు. గొంతు ఎండిపోతున్నా కదలకుండా అక్కడే నిలబడిపోయింది.