ప్రకటనలొచ్చేదాకా ఆగు

ఎర్రదీపం వెలిగింది. రేడియో స్టేషనులో అందరూ వసపిట్ట అని పిలిచే అమ్మాయి మైకు ముందుకు జరిగి, ఊరంతటికీ కంఠతా వచ్చిన జోకునే మళ్ళీ చెప్పింది. ఇంటిల్లిపాదీ టీవీ చూస్తుండగా దొంగ వస్తాడు. సామానంతా సర్దుకుని, అందర్నీ కాళ్ళెత్తమంటాడు. ఎత్తుతారు. కింద తివాచీ లాక్కుంటాడు. ఆఖరికి టీవీ మీద చెయ్యి వేస్తే మాత్రం, ప్రకటనలొచ్చేదాకా ఆగమంటారు.

ఈ జోకు ఎవరి నోట పుట్టిందో ఇవాళ ప్రసారం ముగిసేలోగా తేల్చాలి. తేల్చకపోతే ఈ కార్యక్రమం ఎత్తేస్తానని మేనేజరు తెగేసి చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, అద్దం అవతల చేతులు కట్టుకుని నిలబడ్డాడు కూడా.

వసపిట్ట కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతోంది. తనకు ఈ జోకు చెప్పిన ఆటో డ్రైవరుకు ఫోన్ చేస్తే సెలూన్ యజమాని చెప్పాడన్నాడు. అతణ్ణి పట్టుకుంటే, చిన్నప్పుడు పక్కింటి కుట్టు టీచరు చెప్పి నవ్వించిందన్నాడు. ఆ ముసలి టీచరు ఇంకా పెద్ద సంగతి బయటపెట్టింది. అది జోకు కాదట, నిజంగా జరిగిందట. తన దగ్గర కుట్టు నేర్చుకున్న ఓ పిల్ల ఇంట్లోనే జరిగిందట. ఆ పిల్లా తానూ ఇప్పటికీ మాట్లాడుకుంటూనే ఉంటామంటూ, స్టూడియో పక్కగదిలోని ఇంజనీరుకు ఆమె నంబరు ఇచ్చింది. అతను వెంటనే కలిపాడు.

"హలో, ఎవరూ?"

వసపిట్ట ఆ గొంతు ఇట్టే గుర్తుపట్టింది. అది సాక్షాత్తూ వాళ్ళ అమ్మమ్మ గొంతు. ఇంట్లో నిధి పెట్టుకుని ఊరంతా గాలించానా అనుకుంటూ ఎగిరి గంతేసినంత పని చేసింది. మేనేజరు కట్టుకున్న చేతులు విప్పి అద్దానికి ముక్కు ఆనించాడు.

అమ్మమ్మ తొణక్కుండా చెప్పుకొచ్చింది. తివాచీ సంగతి ఎవరో తర్వాత అతికించారట. పోయింది గోడగడియారం ఒక్కటేనట. అందరూ టీవీకి కళ్ళప్పగించి కూర్చుంటే, వెనక్కి తిరిగి చూసింది తనొక్కతేనట.

"నీకు భయం వెయ్యలేదా అమ్మమ్మా?"

"నాకెందుకే భయం? ఆ దొంగే నన్ను చూసి వణికిపోయాడు."

వెనకనుంచి తాతయ్య ఫోన్ పెట్టెయ్యమని గొణగడం వినిపించింది. ఆయనకు ఈ రేడియో గోల మొదటినుంచీ గిట్టదు. వసపిట్ట పట్టించుకోలేదు. ఇంత మంచి కథ చేతికందాక వదులుతుందా?

"ఒక్క కేక వేస్తే దొరికిపోయేవాడుగా. ఎందుకు అరవలేదు?"

అమ్మమ్మ నవ్వింది.

"అరిస్తే మా నాన్న మీ తాతయ్యను చావగొట్టేవాడు కదే."