నూట పన్నెండో పేజీ దాకా

"ఈ రాతలన్నీ చెరిపితేనే హాల్‌టికెట్ మీద సంతకం పెడతాను," అంది స్కూల్ లైబ్రేరియన్.

మా అమ్మాయి రబ్బరు ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

లైబ్రేరియన్ పుస్తకం నావైపు తిప్పింది. పదిహేనేళ్ల పిల్ల సముద్రపు దొంగల ఓడకు కెప్టెన్ అయ్యే కథలో మూడో భాగం అది. అంచుల నిండా పెన్సిల్ రాతలున్నాయి.

"కథలో పిల్లకి సలహాలు చూడండి సార్! 'కత్తి ఎడం చేతికి మార్చవే.' 'వాణ్ణి నమ్మకే మొద్దూ.' 'ఎవరికీ తల వంచకే నా తల్లీ.' ఇంతకీ ఓడ నడిపేది ఆ పిల్లా, మీ అమ్మాయా?"

"కొత్త కాపీ తెచ్చిస్తాను మేడమ్. ఇది మాకిచ్చేయండి."

"మీరే వెనకేసుకొస్తే ఎలా? పాడుచేసింది తను, తనే చెరపాలి."

"నేను చెరపను," అంది అమ్మాయి. "నాన్నా, నువ్వూ చెరపొద్దు."

పుస్తకం తీసి అమ్మాయి సంచిలో పెట్టాను.

"ఆ రాత మా అమ్మాయిది కాదు మేడమ్. ఆసుపత్రిలో తను ఈ పుస్తకం చదివి వినిపిస్తుంటే, గొంతు పోయిన వాళ్లమ్మ పెన్సిల్‌తో మాట్లాడేది. నూట పన్నెండో పేజీ దాకా మాట్లాడింది."